దీపం ఏ కొండెక్కింది? తొలి బౌద్ధం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

"మామా, బుద్ధుడి గురించి చదువుదామనుకుంటున్నా, ఒక్క పుస్తకం పేరు చెప్పు" అని రాజురా నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఒక్కటే ఎందుకురా అంటే "రెండు చెబితే ఏదీ చదవను, నా సంగతి నీకు తెలుసు గదా" అన్నాడు. తెలుసు. కానీ వెంటనే పేరు చెప్పలేకపోయాను. ఈ విషయంలో మొదటి పుస్తకం తప్పు పడితే మనిషి రెండోదాని జోలికి పోడు, నాకే అలా అయి ఏడెనిమిదేళ్ళు వృథాగా పోయాయి. వాడికి నాలుగు లైన్లు వాట్సాప్ చేద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది, ఇక వాడొక్కడికే ఎందుకని అందరికీ పెడుతున్నా.

మేముండేది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు దగ్గర బల్లార్‌పూర్‌లో. కాగితం మిల్లు కోసం, బొగ్గు గనుల కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. ఆదివారం పొద్దున మా వీధి ఆ చివర విహారం నుంచి 'బుద్ధం సరణం గచ్ఛామి' వినిపిస్తే ఈ చివర హనుమాన్ గుళ్ళోంచి చాలీసా వినిపిస్తుంది. పదిహేను కిలోమీటర్లు పోతే చంద్రపూర్ దీక్షాభూమి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న అంబేద్కర్ రెండు రోజులకి, 16న, చంద్రపూర్ వచ్చి అక్కడి జనానికి దీక్ష ఇచ్చాడు. ఇంత దగ్గర్లో ఉండి కూడా మన తెలుగు ఇళ్ళల్లో బుద్ధుడి మాట వస్తే రెండే ముక్కలు: "ఆయన విష్ణుమూర్తి అవతారమే గదా", లేకపోతే "అది వాళ్ళ మతం". ఆయన ఏం వాదించాడు, ఎవరితో వాదించాడు, ఏది ససేమిరా ఒప్పుకోలేదు అన్నది ఎవరూ ఎత్తరు.

ఏ పుస్తకం అనేముందు ఒక సంగతి. మన తెలుగే మనకి అడ్డం పడుతుంది. బుద్ధుడి బోధలు దాచిన పాత భాష పాళీ, దాని మాటలు చాలావరకు మనకి తెలిసినట్టే ఉంటాయి, చిక్కంతా అక్కడే. దుఃఖం అంటే మనకి ఏడుపు, శోకం. కాబట్టి 'అంతా దుఃఖమే' అని చదవగానే ఈయనెవరో ఏడుపుగొట్టు మనిషి అనిపిస్తుంది. సుత్తాల్లో, అంటే పాళీలో ఉన్న బుద్ధుడి ప్రసంగాల్లో, ఆ మాటకి వ్యాప్తి చాలా పెద్దది. పెళ్ళి భోజనం అద్భుతంగా కుదిరినా, ఇంకాసేపు ఉంటే బాగుండుననిపిస్తూనే అయిపోతుంది చూడండి, ఆ నిలకడలేనితనం కూడా అందులోకే వస్తుంది. వేదన అంటే మనకి నొప్పి. అక్కడ సుఖం కూడా వేదనే, సుఖమూ దుఃఖమూ కానిదీ వేదనే, తగిలినదానికి లోపల కలిగే రుచి అన్నమాట. సంస్కారం అంటే మనకి మర్యాద, లేదా చనిపోయినవాళ్ళకి చేసేది; అక్కడ కారణాలు కూడి తయారైనవీ, తయారుచేసేవీ. విజ్ఞానం అంటే మనకి సైన్సు. అక్కడ కన్నుకి రూపం తగిలినప్పుడు పుట్టే ఉత్త ఎరుక. ఇక కర్మ. మనం దానికో ఒత్తు కూడా తగిలించి 'నా ఖర్మ' అని నెత్తి కొట్టుకుంటాం. బుద్ధుడు మాత్రం చేతనని, అంటే మనసులో కదిలే ఉద్దేశాన్ని, కర్మ అంటున్నానని తేల్చి చెప్పాడు. పైగా సీవకుడనే ఒక పరివ్రాజకుడు వచ్చి "మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమే అంటున్నారు, మీరేమంటారు" అని అడిగితే, అలా అనేవాళ్ళు హద్దు దాటి మాట్లాడుతున్నారన్నాడు: పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, వాతావరణం మారడం వల్ల కూడా బాధలొస్తాయి, కర్మ ఆ కారణాల్లో ఒకటి మాత్రమే. ఈ ఒక్క సంభాషణ తెలిసుంటే మన ఇళ్ళల్లో జబ్బుపడ్డవాళ్ళని 'ఏ జన్మలో ఏం చేశావో' అని దెప్పడం కొంచెం తగ్గేదేమో.

అందరూ ముందు చేతిలో పెట్టేది ధమ్మపదం. చిన్న పుస్తకం, 26 వర్గాలు, 423 గాథలు, చౌక. నేనూ అదే కొన్నాను. మా ఊరి స్టేషన్ బల్లార్షాలో సికింద్రాబాద్ రైలెక్కి తెరిస్తే మంచిర్యాల వచ్చేసరికి సగం పైగా అయిపోయింది, "ఓస్ ఇంతేనా" అనిపించింది. పగతో పగ చల్లారదు, చెడ్డవాడితో స్నేహం కన్నా ఒంటరిగా పోవడం మేలు, మాట అదుపులో పెట్టుకో. ఇవన్నీ మనకి వేమన చెప్పాడు, సుమతీ శతకం చెప్పింది, మా నాయనమ్మ అయితే రోజూ చెప్పేది. తెలుగువాడు చిన్నప్పటి నుంచి నీతి పద్యాలు బట్టీపట్టి పెరుగుతాడు కాబట్టి ధమ్మపదాన్ని కూడా శతకంలాగే చదివేసి, తెలిసిందే గదా అని పక్కన పెట్టేస్తాడు. నేను చేసిందదే.

పుస్తకంలో లోపం ఉందని కాదు. 277, 278, 279 గాథలు చూడండి. మొదటిదాంట్లో 'సబ్బే సంఖారా అనిచ్చా', తయారైనవన్నీ అనిత్యం. రెండోదాంట్లో 'సబ్బే సంఖారా దుక్ఖా'. మూడోదాంట్లో మాట మారిపోతుంది: 'సబ్బే ధమ్మా అనత్తా', ఉన్నవేవీ ఆత్మ కాదు. సంఖారా తీసేసి ధమ్మా పెట్టారు. ఎందుకు? సంప్రదాయం ఇచ్చే జవాబు ఏమిటంటే, నిబ్బానం, అంటే నిర్వాణం, కారణాలతో తయారైంది కాదు కాబట్టి అనిత్యమైనవాటి లెక్కలోకి రాదు, అయినా దాన్ని సైతం 'ఇది నేను, ఇది నా ఆత్మ' అని పట్టుకోవడానికి వీల్లేదు, అందుకని మూడోసారి వల ఇంకొంచెం వెడల్పుగా విసిరారు. ఉపనిషత్తులు చెప్పే ఆత్మకీ బుద్ధుడు చెప్పే నిబ్బానానికీ మధ్య గొడవంతా ఆ ఒక్క మాట మార్పులో ఉంది. నేను చదివిన అనువాదంలో మూడుచోట్లా 'సమస్తమూ' అనే ఉంది, ఇక నాకేం తెలుస్తుంది? కాబట్టి ధమ్మపదం నాలుగో పుస్తకంగా చదవండి, అప్పుడు ఒక్కో గాథ దగ్గర ఆగిపోతారు. రోజుకొకటి చదువుకుని మనసు కుదుటపరుచుకుందాం అనుకునేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఇదే మొదటిది, ఇదే చివరిది, ఏ ఇబ్బందీ లేదు.

మా పక్కింటి కాకాని అడిగితే వేరే మాట చెబుతాడు. బుద్ధ పూర్ణిమకి మాకు ఖీరు పంపేది వాళ్ళే. ఆయన దగ్గర ప్లాస్టిక్ అట్ట వేసిన మరాఠీ పుస్తకం ఒకటి ఉంటుంది, అంబేద్కర్ రాసిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'. "ఇది చదువు, మిగతావి తర్వాత చూడొచ్చు" అంటాడు. అంబేద్కర్ 1956 డిసెంబర్ 6న పోయాడు, పుస్తకం అచ్చయి వచ్చింది 1957లో. తెలుగులోనూ ఉంది. దాని గొప్పతనం ఏమిటంటే మొదట్లోనే ప్రశ్నలు పెట్టుకుని దిగుతాడు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని మొదటిసారి చూసి ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి ఇల్లు వదిలాడంటే నమ్మేదెలా, అంతకుముందు ఎప్పుడూ చూడలేదా అంటాడు. దాని బదులు రోహిణి నది నీళ్ళ దగ్గర శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగాదాని పెడతాడు: యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు ఇల్లు వదలాల్సి వచ్చిందని. ప్రాణహిత నీళ్ళలో ఎవరి వాటా ఎంత అని ఇటొడ్డునా అటొడ్డునా మాటలు వింటూ పెరిగిన మనకి ఈ కథ ఇట్టే ఎక్కుతుంది, అది వేరే సంగతి.

నాలుగు ఆర్యసత్యాలు (దుఃఖం, దాని కారణం, దాని అంతం, అందుకు దారి) బుద్ధుడి అసలు బోధలో ఉన్నాయా, భిక్షువులు తర్వాత చేర్చారా అని కూడా అడుగుతాడు. జీవితమే దుఃఖం, పుట్టుకే దుఃఖం అంటే మనిషికి ఆశ ఎక్కడుంది అన్నది ఆయన బాధ. పునర్జన్మ ఆత్మది కాదు, శరీరంలోని ధాతువులది అంటాడు. కర్మని పోయిన జన్మ బాకీగా కాక ఈ లోకంలో నీతి నిలబడే పద్ధతిగా చెబుతాడు. పాళీ సుత్తాలు తెరిస్తేనేమో నాలుగు సత్యాలు మొట్టమొదటి ప్రసంగంలోనే ఉంటాయి, మరో జన్మ మాట వందల చోట్ల ఉంటుంది. అంటే అంబేద్కర్ ఎంచుకుని, కత్తిరించి, తిరగ రాశాడు, ఆ పని దాచిపెట్టకుండా చేశాడు. ఈ సంగతి చెప్పగానే మనవాళ్ళలో కొందరు పెద్దమనుషులు "చూశావా, మార్చేశాడు" అని మీసం దువ్వుతారు, దాంతో నాకు పేచీ ఉంది. ఐదో శతాబ్దంలో శ్రీలంకలో కూర్చుని వ్యాఖ్యానాలు రాసిన బుద్ధఘోషుడు కూడా తన కాలానికి తగ్గట్టు అర్థం చెప్పినవాడే, ఆయన్నెవరూ ఏమీ అనరు. కులం గురించి, మనిషిని మనిషి ఎలా చూడాలన్నదాని గురించి మీ మనసులో మంట ఉంటే ఇంకేదీ చూడకండి, అంబేద్కర్‌తోనే మొదలుపెట్టండి. అత్యంత పాత గ్రంథాల్లో ఏముందో తెలుసుకోవాలంటే మాత్రం దీన్ని రెండోదిగా పెట్టుకుని, పక్కన సుత్తం తెరిచి ఒక్కోచోట రెండూ కలిపి చదవండి. ఎక్కడ కత్తెర పడిందో, ఎందుకు పడిందో చూడడం కన్నా మంచి చదువు లేదు.

పుస్తకాలే వద్దు, కూర్చుని చూస్తాం అనేవాళ్ళకి పది రోజుల విపస్సన ధ్యాన శిబిరం. బర్మా నుంచి 1969లో వచ్చిన గోయెంకా అనే గురువు మొదలుపెట్టినది, ఇగత్‌పురిలో పెద్ద కేంద్రం, మనకి నాగపూర్ దగ్గర. ఫీజు లేదు, అయిపోయాక ఇవ్వాలనిపిస్తే దానం. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, మాట్లాడకూడదు, ఫోన్ లాక్కుంటారు, మొదటి మూడు రోజులు ఊపిరి, నాలుగో రోజు నుంచి ఒంటి మీద కలిగే వేదనల్ని గమనించడం. గంటసేపు కదలకుండా కూర్చోమన్నప్పుడు నా కుడి మోకాలు పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. అప్పుడు అంతకుముందు చదివి దాటేసిన అనత్తలక్ఖణ సుత్తం గుర్తొచ్చింది. అందులో వాదన చాలా సూటిగా ఉంటుంది: ఈ రూపం, అంటే ఒళ్ళు, నేనే అయితే, నాదే అయితే, 'ఇలా ఉండు, ఇలా ఉండకు' అని చెబితే వినాలి, వినదు. మోకాలు వినలేదు. నొప్పీ వినలేదు. 'అబ్బా, ఎప్పుడు గంట కొడతారు' అనే ఆలోచన కూడా నేను పిలిస్తే రాలేదు, పొమ్మంటే పోలేదు. రూపం, వేదన, సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు, విజ్ఞానం అని ఐదు గుట్టలుగా విడదీసి ఒక్కోదాన్నీ బుద్ధుడు ఇలాగే అడుగుతాడు, ఏదీ మాట వినదు. పుస్తకంలో చదివితే తర్కం, మోకాలితో చదివితే వేరు.

అయినా తత్త్వం తెలుసుకోవడానికి మొదటి మెట్టుగా దీన్ని చెప్పను. అక్కడ వినిపించేది ఒక గురువు చదువుకున్న తీరు, ఈ ధ్యానానికి మూలమైన సతిపట్ఠాన సుత్తాన్నే వేరేలా నేర్పే గురువులూ ఉన్నారు. మనసుకి సంబంధించిన మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా అసలు వెళ్ళొద్దు. టెన్షన్ తగ్గుతుందని వెళ్ళేవాళ్ళు మొదటి నాలుగు రోజులు పెరిగే టెన్షన్‌కి సిద్ధపడి వెళ్ళండి.

వాదన ఇష్టపడేవాళ్ళకి, రచ్చబండ దగ్గర ఓడిపోవడం ఇష్టం లేనివాళ్ళకి మిలిందపన్హ భలే ఉంటుంది. గ్రీకు రాజు మినాండర్, అంటే మిలిందుడు, భిక్షువు నాగసేనుణ్ణి నిలదీస్తాడు. నీ పేరు నాగసేనుడంటున్నావు, నాగసేనుడంటే నీ జుట్టా, గోళ్ళా, ఎముకలా అని. అవేవీ కాదంటే, మరి నాగసేనుడనేవాడు లేనట్టే గదా, అబద్ధమాడుతున్నావంటాడు. నాగసేనుడు తిప్పి కొడతాడు: రాజా, ఎలా వచ్చావు? రథంలో. రథమంటే ఇరుసా, చక్రాలా, నొగా? మా ఊళ్ళో అయితే ఆటో అనుకోండి: హ్యాండిలా, మీటరా, వెనక సీటా? అన్నీ ఒకచోట తగినట్టు కూడితే ఆటో అని పిలుస్తాం, లోపల 'ఆటోతనం' అనే పదార్థం ఏదీ కూర్చుని లేదు. నిజానికి ఈ రథం పోలిక అంతకుముందే సంయుత్త నికాయంలో (సుత్తాల సంపుటాల్ని నికాయాలంటారు) వజిర అనే భిక్షుణి నోట ఉంది. ఎందుకో ఆమె పేరు ఎవరూ చెప్పరు. మామిడికాయల దొంగ కథ కూడా బాగుంటుంది: "ఆయన నాటిన టెంక వేరు, నేను కోసిన కాయ వేరు, దొంగతనం ఎలా అవుతుంది" అంటాడు దొంగ. అయినా ఆ టెంక వల్లే ఈ కాయ వచ్చింది కాబట్టి తప్పు తప్పే. ఇప్పుడున్నవాడు వేరు, తర్వాత ఫలం అనుభవించేవాడు వేరు అంటే బాధ్యత ఏమైపోతుందన్న చిక్కు ప్రశ్నకి దీనికన్నా సులువైన దారి నేను చూడలేదు.

లోపం: ఇది బుద్ధుడి తర్వాత కొన్ని వందల ఏళ్ళకి వచ్చింది. బర్మా వాళ్ళు దీన్ని త్రిపిటకంలో కలుపుకున్నారు, శ్రీలంక వాళ్ళు కలపలేదు. పైగా నాగసేనుడు ఒక్క కేసూ ఓడిపోని లాయరు, కొన్నాళ్ళకి విసుగొస్తుంది. సుత్తాల్లో అలా ఉండదు, కొన్నిచోట్ల వచ్చినవాడు తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోతాడు.

నాగార్జునుడితో మొదలుపెడదామని కొందరంటారు, మనవాడే గదా అన్న అభిమానంతో. వద్దు. ఆయన దెబ్బలాడేది బోధనంతా విడదీసి సిద్ధాంతంగా కట్టిన తర్వాతి కాలపు అభిధర్మ పండితులతో, వాళ్ళేమన్నారో తెలియకుండా ఆయన మాటలు గాల్లో కత్తి తిప్పినట్టుంటాయి. అయితే ఆయన పేరుపెట్టి చెప్పిన పాత ప్రసంగం ఒకటుంది, కచ్చానుడనే భిక్షువుకి బుద్ధుడు చెప్పినది. 'ఉంది' అనేది ఒక అంచు, 'లేదు' అనేది ఇంకో అంచు, ఈ రెండింటి మధ్య నుంచి నేను ధర్మం చెబుతున్నానన్న ఒక పేజీ సుత్తం. దాన్ని మాత్రం తప్పక చదవండి.

అలా వస్తే ఇక మిగిలింది సుత్తాలే, నా ఓటు వాటికే. కానీ కొనగానే మొదటి పేజీ తెరవకండి. మజ్ఝిమ నికాయంలో 152 సుత్తాలున్నాయి, మొదటిదే కొరకరాని కొయ్య. దాని చివర, విన్న భిక్షువులు సంతోషించలేదని రాసి ఉంటుంది. వాళ్ళ వల్లే కాలేదు, మన వల్ల ఏమవుతుంది? దీఘ నికాయంలో 34, అక్కడా మొదటిది 62 రకాల సిద్ధాంతాల జాబితా. మధ్యలోకి దూకండి. మాలుంక్యపుత్తుడి సుత్తం చూడండి: లోకం శాశ్వతమా కాదా, జీవుడూ శరీరమూ ఒకటా వేరా చెప్పకపోతే భిక్షువుగా ఉండనని మొరాయిస్తాడు. విషబాణం తగిలినవాడు, కొట్టినవాడి కులమేమిటి, విల్లు దేనితో చేశారు, ఈక ఏ పక్షిది అని తేలేదాకా బాణం తీయనివ్వనంటే తేలకముందే పోతాడన్నాడు బుద్ధుడు.

తర్వాత సాతి కథ. జాలరి కొడుకు. ఒకే విజ్ఞానం చెక్కుచెదరకుండా ఈ జన్మ నుంచి ఆ జన్మకి పరిగెడుతుందని గురువు చెప్పినట్టు ప్రచారం చేశాడు. మన ఇళ్ళల్లో తొంభై శాతం మంది అనుకునేదీ అదే గదా, పాత చొక్కా విప్పి కొత్త చొక్కా తొడుక్కున్నట్టు. బుద్ధుడు పిలిపించి, నేనెవరికి అలా చెప్పానయ్యా, కారణాలు లేకుండా విజ్ఞానం పుట్టదని ఎన్ని రకాలుగా చెప్పానని గట్టిగా చీవాట్లు పెడతాడు. కట్టెలతో మండితే కట్టెల మంట, గడ్డితో మండితే గడ్డిమంట, పిడకలతో మండితే పిడకల మంట. అలాగే కన్ను వల్ల పుట్టింది కంటి ఎరుక, చెవి వల్ల పుట్టింది చెవి ఎరుక. బొగ్గు ఊళ్ళో పుట్టిన మనకి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

'ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు' అనే పటిచ్చసముప్పాదానికి వేరు ఇక్కడే ఉంది. పన్నెండు లంకెల గొలుసు బట్టీపట్టనక్కర్లేదు. బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడు చెప్పిన పోలిక చాలు: ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన రెండు రెల్లు మోపులు. చేలో పత్తికట్టె మోపుల్ని అలా నిలబెట్టడం చూసినవాళ్ళకి తెలుసు, ఒకటి లాగితే రెండోది పడుతుంది. విజ్ఞానం ఒక మోపు, నామరూపాలు (మనసూ ఒళ్ళూ) రెండో మోపు, కింద స్తంభం ఏదీ లేదు. మన పెద్దవాళ్ళు ఆత్మ చావదంటారు, మా మేనల్లుడి ఈడు కుర్రాళ్ళు పోతే పోయినట్టే అంటారు. ఆ కాలంలోనూ అజిత కేశకంబలి అని ఒకాయన అచ్చం కుర్రాళ్ళ మాటే చెప్పేవాడు. బుద్ధుడు రెంటినీ కాదన్నది రాజీ కోసం కాదు, మోపుల్లో స్తంభాన్ని వెతకడమే తప్పని.

కాలాముల సుత్తం మీకు వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది, 'ఎవరు చెప్పినా నమ్మకు, నీ బుద్ధికి తోచిందే నమ్ము' అని. అసలుది చదివితే నవ్వొస్తుంది. పట్టుకుని పోవద్దన్న పదింట్లో పరంపర ఉంది, గ్రంథం ఉంది, గురువన్న గౌరవం ఉంది, వాటితోపాటు తర్కమూ ఉంది, మనకి నచ్చిన అభిప్రాయమూ ఉంది. ఆచరించి చూస్తే మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా, తెలిసినవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారా తిడతారా, అది చూసుకోమన్నాడు. ఆ ముక్క ఫార్వర్డుల్లో ఉండదు.

దొరికే చోటు గురించి ఒక మాట. సరిహద్దులో పుట్టినందుకు మనకున్న లాభం, మూడు భాషల్లో వెతుక్కోవచ్చు. రాహుల్ సాంకృత్యాయన్ మజ్ఝిమ నికాయాన్ని హిందీలోకి తెచ్చాడు, మరాఠీ మీడియంలో చదివినవాళ్ళకి ధర్మానంద కోశాంబి రాసిన బుద్ధ చరిత్ర ఉంది, కట్టుకథల్ని జల్లెడ పట్టి రాసిన మనిషి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి సుత్తసెంట్రల్ వెబ్‌సైట్‌లో నికాయాలన్నీ ఉచితం, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. చెప్పిందే చెప్పడం చూసి భయపడొద్దు; నోటితో గుర్తుపెట్టుకున్న కాలం నాటివి, మన బుర్రకథలో వంత పాడినట్టు. రెండోసారి వచ్చినప్పుడు దాటేయండి, ఎక్కడ ఒక్క మాట మారిందో అక్కడ ఆగండి.

ఇంతా రాసి మా వాడికి ఫోన్ చేసి చెబితే, ఓపిగ్గా విని, "అదంతా సరే మామా, చచ్చాక ఏమవుతుందన్నాడు? ఆ నిబ్బానం పొందినవాడు ఉంటాడా పోతాడా?" అన్నాడు. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు కూడా బుద్ధుణ్ణి ఇదే అడిగాడు. బుద్ధుడు ఎదురు ప్రశ్న వేశాడు: నీ ముందు మంట ఆరిపోతే, అది తూర్పుకి పోయిందా, పడమరకా, ఉత్తరానికా, దక్షిణానికా అని ఎవరైనా అడిగితే ఏమంటావు? ఆ ప్రశ్నే కుదరదంటాడు వచ్ఛగోత్తుడు, గడ్డీ పుల్లలూ ఉన్నంతసేపు మండింది, అవి అయిపోయాయి, అంతే. ఇక్కడ పాళీలో ఒక చమత్కారం ఉంది, 'ఉపాదానం' అంటే వంటచెరకూ అదే, పట్టుకుని వేలాడడమూ అదే. మనం ఇంట్లో దీపం ఆరిపోయిందనం, అపశకునమని 'దీపం కొండెక్కింది' అంటాం. చిన్నప్పుడు నేను మా నాయనమ్మని అడిగేవాణ్ణి, ఏ కొండ, మాణిక్‌గఢ్ కొండేనా అని. ఆవిడ నెత్తిన ఒక్కటిచ్చేది. మాటలో కొండ ఉంది కాబట్టి ఎక్కడో కొండ ఉండాలనుకోవడమే నా పొరపాటు. నిబ్బానం అంటే ఎక్కడికి పోవడం అని అడగడమూ ఆ బాపతే.

అప్పుడు తట్టింది వాడికి చెప్పాల్సిన పుస్తకం. గోదావరి ఒడ్డున అస్సక దేశంలో బావరి అనే ముసలి బ్రాహ్మణుడు ఉండేవాడు; ఆ చోటు నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని చాలామంది చెబుతారు, అంటే మనకి పక్క జిల్లా దాటితే. ఐదు వందలు అడిగి, లేదంటే నీ తల ఏడు ముక్కలవుతుందని ఒకడు శపిస్తే భయపడిపోయి, తల గురించీ తల పగలడం గురించీ తెలిసినవాడు ఉత్తరాన ఉన్నాడని విని పదహారుమంది శిష్యుల్ని పంపాడు. పైఠన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సావత్థి మీదుగా మగధ దాకా వెళ్ళారు. అవిద్యే తల, విద్యే దాన్ని పగలగొట్టేది అన్న జవాబుతో శాపం భయం అక్కడే తేలిపోయింది, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ సొంత ప్రశ్న అడిగారు. మోఘరాజుకి రెండుసార్లు జవాబు రాలేదు, మూడోసారి అడిగితే లోకాన్ని శూన్యంగా చూడమన్నాడు. ఉపసీవుడు అడిగింది మా వాడి ప్రశ్నే, అక్షరం పొల్లుపోకుండా: అస్తమించినవాడు లేకుండా పోయాడా, ఎప్పటికీ ఉంటాడా? గాలి విసురుకి ఆరిన దీపశిఖ లెక్కకి అందనట్టే, ఏ కొలతతో అతని గురించి మాట్లాడతారో ఆ కొలతే అతనికి లేదన్నాడు. పాళీలో అత్యంత పాతవాటిలో ఒకటిగా పండితులు లెక్కపెట్టేవి ఈ ప్రశ్నలూ జవాబులే, మూడు పేజీలకి మించి పోయే సంభాషణ ఒక్కటీ లేదు. పదహారుమందిలో అందరికన్నా ముసలివాడు పింగియుడు, చూపు ఆనదు, చెవి సరిగా వినపడదు. తిరిగి గోదావరికి వచ్చి గురువుకి అంతా చెబితే, మరి అలాంటివాణ్ణి వదిలి ఎలా వచ్చావని బావరి అడుగుతాడు. ఒంట్లో సత్తువ లేక రావాల్సి వచ్చింది గానీ మనసు అక్కడే ఉంది, రాత్రీ పగలూ ఆయన్నే చూస్తున్నానంటాడు పింగియుడు.

"పేరు చెప్పు మామా ముందు" అన్నాడు మా వాడు.

సుత్తనిపాత. అయిదు వర్గాలుంటాయి. ముందు నుంచి కాదురా, ఆఖరిది తెరువు, పారాయణ వర్గం.